సైకిలు పందెములు - గూఢయంత్రములు

సైకిలు పందెమునందు కాలిసత్తువయే మూలధనము. 2010లో స్విట్జర్లాండు వీరుడు కాంచెలారా ఫ్లాండర్సు, రూబే పందెములు రెంటిని గెలువగా, ఆతని బండిలో మోటారు కలదని వదంతి లేచెను. ఆతడు లేదనెను, రుజువేదియు దొరకలేదు, అయినను నింద నిలిచెను. 2016లో బెల్జియమునందలి జోల్డరు ప్రపంచపోటీలలో ఒక యువతి బండి గొట్టమున మోటారు నిజముగనే బయల్పడెను. బండి తనది కాదని ఆమె వాదించినను, అంతర్జాతీయ సైకిలు సంఘము ఆమెను 6 ఏండ్లు బహిష్కరించి, 20,000 స్విస్ ఫ్రాంకుల జుల్మానా విధించెను. 2018లో ఎక్స్‌కిరణ పరీక్షయు ప్రవేశపెట్టబడెను.

వదంతి సాక్ష్యము కానేరదు. అట్లని తనిఖీ మానరాదు. పరీక్ష దొంగను పట్టుటకే కాదు, నిర్దోషిని నిందనుండి విడిపించుటకును వలయును. కనుక ప్రతి విజేత బండిని బహిరంగముగ పరీక్షింపవలెనని మేము కోరుచున్నాము. పరీక్షకు నిలిచిన గెలుపే గెలుపు.