గవాక్షము, అద్దము, ఎండ



గవాక్షమనగా ఆవు కన్ను. కిటికీకి పూర్వులు పెట్టిన ఈ పేరులోనే మితము కలదు. కంటికి రెప్పయు ఉండును గదా! నేడు నిజామాబాదు వీథులలో లేచుచున్న అంగళ్ళకు నిలువెత్తు అద్దమే ముఖమైనది. దానికి రెప్పలు లేవు.

సాదా అద్దము తనపై పడిన వెలుగులో పదింట తొమ్మిది పాళ్ళను లోనికి విడుచును. దానితో వచ్చు ఎండ నేలను, గోడను కాచును. కాగిన గోడ వెలువరించు సెగ మాత్రము అద్దమును తిన్నగా దాటిపోజాలదు. కనుకనే లోపల తెర వేసిన ఫలము స్వల్పము; ఎండను వెలుపలనే ఆపవలెను. పాత ఇండ్ల వసారాలు చేసినది ఈ పనియే.

బోధను, నిజామాబాదు సుమారు 18 డిగ్రీల 40 నిమిషముల ఉత్తర అక్షాంశమున ఉన్నవి. చెరకు ఆడు శీతకాలమున మధ్యాహ్న సూర్యుడు దక్షిణముగా వంగి తిరుగును. మే నడుమ నుండి జూలై కడవరకు ఉత్తరమునకే కొంచెము ఒరుగును. ఉత్తరపు కిటికీకి ఎండ రాదను మాట శీతలదేశపు పుస్తకములది, ఈ సీమది కాదు. అయినను ఆ మధ్యాహ్నపుటెండ నడినెత్తికి చేరువ కనుక చిన్న చూరే చాలును. చిక్కంతయు తూర్పు పడమరలతోనే. సాయంకాలపు సూర్యుడు దిగివచ్చి చూరు క్రింద నుండి దూరును. 45 డిగ్రీలకు చేరు వేసవిలో పడమటి అద్దమును మించిన పొయ్యి లేదు.

దీనికి మందుగా కొందరు నల్లద్దము బిగింతురు. అది ఎండను మింగి, తాను కాగి, ఆ సెగలో కొంత లోపలికే చిమ్మును. వెలుగును మాత్రము నిర్దాక్షిణ్యముగా కోయును. పట్టపగలు దీపము వెలిగించుకొనుటకా కిటికీ? వెలుగును రానిచ్చి, కంటికి కానరాని ఉష్ణకిరణములను మరలించు పలుచని లోహపు పూతగల అద్దములు వచ్చినవి. నడుమ గాలిని బంధించిన జోడద్దములును కలవు. మంచివే, కాని శీతలయంత్రము నడచు మూసిన గదులకు. రెక్కలు తెరచి గాలికి కూర్చుండు చోట వెల అధికము, ఫలము అల్పము.

శక్కరునగరు చక్కెర కర్మాగారము 1937లో స్థాపితమై 2015లో మూతపడినది. చక్కెర పాకము ఉడికించు పెద్ద పాత్రలకు చిన్న చూపుటద్దములుండును. పలుకు కట్టుట చూచుటకు అంతే చాలును, మిగిలినదంతయు లోహమే.

ఇక పఠనమందిరము. చదువుటకు 300 లక్సుల వెలుగు చాలును. నడిఎండలో ఆరుబయట అది లక్షకు చేరును. కిటికీ పై అంచు ఎత్తునకు రెండు, రెండున్నర రెట్ల దూరము వరకే పగటి వెలుగు బాగుగా పారును. కావున కిటికీని వెడల్పు చేయుట కంటె ఎత్తు చేయుట మేలు. పెంకుటింటి కప్పులో ఒక్క గాజుపెంకు గదినంతటిని వెలిగించుట అందరెరిగినదే; దాని క్రింద మాత్రము బల్ల వేయరాదు, కన్ను చెదరును.

పుస్తకముల వీపులు అద్దము చాటుననున్నను ఎండకు వెలిసిపోవును. అతినీలలోహిత కిరణములలో చాలభాగమును సాదా అద్దము రానిచ్చును. నడుమ పలుచని పొర అతికిన జంటఫలకముల అద్దము వానిని దాదాపు పూర్తిగా ఆపును. అంత వ్యయమునకు నిధులు చాలని గ్రంథాలయములు బీరువాలను కిటికీకి ఎదురుగా గాక, కిటికీ గల గోడకే ఆనించి నిలిపినచో ఎండ వానిపై పడదు.