అలుగు లేని సరస్సులు



భూమి వేడెక్కుతోందనగానే సరస్సులు ఎండిపోతాయన్న ఆలోచనే మనకు ముందు వస్తుంది. టిబెట్ పీఠభూమి దానికి ఎదురు సాక్ష్యం చెబుతోంది. 4,500 మీటర్ల ఎత్తున ఉన్న సిలింగ్ త్సో అనే ఉప్పు సరస్సు 1970లలో దాదాపు 1,650 చదరపు కిలోమీటర్లు ఉండేది. ఈ శతాబ్దంలో అది 2,300 దాటి, నామ్ త్సో సరస్సును మించి, టిబెట్‌లో అన్నిటికన్నా పెద్దదైంది.

ఇలాంటి ఉప్పు సరస్సులకు తూమూ లేదు, అలుగూ లేదు. వాగులు, వాన, మంచు నీళ్లు తెచ్చిపోస్తాయి. ఆ నీరు పోయేది ఆవిరిగానే. శ్రీకాకుళం జిల్లా నౌపడ ఉప్పుమళ్లలో జరిగేదే అక్కడా జరుగుతుంది: ఎండ నీటిని పట్టుకుపోతుంది, ఉప్పు మిగులుతుంది. అందుకే రాకపోకల్లో కొద్ది తేడా వచ్చినా మట్టంలో తెలిసిపోతుంది. సరస్సు పరుచుకునేకొద్దీ ఆవిరీ పెరుగుతుంది కనుక, ఆ పెరుగుదలా ఎక్కడో ఒకచోట ఆగాల్సిందే.

మరి కొత్త నీరు ఎక్కడిది? కరిగే హిమానీనదాలదే అని పత్రికలు రాస్తుంటాయి. ఉపగ్రహ కొలతలతో లెక్కలు కట్టినవారిలో ఎక్కువమంది చెప్పేది వేరు: 1990ల నడిమి నుంచి పెరిగిన వానది, మంచుది పెద్ద వాటా, హిమానీనదాలది, గడ్డకట్టిన నేల కరిగి వచ్చే నీటిది చిన్న వాటా. ఇది ఉత్త పండితుల తగవు కాదు. వాన తగ్గితే సరస్సు తగ్గి, మళ్లీ కోలుకోవచ్చు. కరిగిపోయిన హిమానీనదం నుంచి మాత్రం రెండోసారి నీరు రాదు. చైనాలోని క్వింఘై సరస్సు దశాబ్దాలపాటు దిగుతూ వచ్చి, 2004 తర్వాత పెరగడం మొదలుపెట్టింది. ఈ ఉపన్యాసం 2003లో ఇచ్చి ఉంటే దానికి నివాళి అర్పించి కూర్చునేవాణ్ని!

మట్టం పెరిగితే మంచిదేగా అంటారా? 2011 సెప్టెంబరులో భారీ వానలకు అదే పీఠభూమి మీది కొకోషిలి ప్రాంతంలోని జోనాగ్ సరస్సు తూర్పు గట్టుకు గండి పడింది. ఆ నీరు కుసాయి సరస్సును, ఆపైన హైడింగ్ నోర్‌ను నింపి, చివరనున్న మరో ఉప్పు సరస్సులో చేరింది. విడివిడిగా బతికిన నాలుగు సరస్సులు ఒక్క వరసలోకి వచ్చాయి. చివరిది ఏటేటా ఉబ్బుతూ క్వింఘై–టిబెట్ రైలుమార్గం వైపు జరగసాగింది. గడ్డకట్టిన నేల మీద వేసిన మార్గం అది. నీరు చేరితే ఆ నేల కరుగుతుంది. చివరికి 2019లో కాలువ తవ్వి, ఆ నీటిని యాంగ్‌త్సీ ఎగువ పాయల్లోకి వదిలారు. బయటికి దారే లేని నీటికి అలా సముద్రపు దారి దొరికింది. ఇటు జోనాగ్‌లో నీరు దిగిపోయి బయటపడ్డ అడుగు నుంచి ఇసుక, ధూళి లేస్తున్నాయి. టిబెట్ జింకలు ఎంతో దూరం నడిచి వచ్చి ఈనే చోటు అది.

ఇక ఎండిపోయిన సరస్సు కథ బొలీవియాది. 3,700 మీటర్ల ఎత్తున, ఎక్కువ లోతు లేని పోపో సరస్సు 2015 డిసెంబరుకల్లా ఎండిపోయింది. ఎల్‌నినో కరవు, పెరిగిన వేడి నిజమే. దాన్ని నింపే దెసాగువాదేరో నది నుంచి గనులకూ సాగుకూ నీరు మళ్లించడమూ అంతే నిజం. అంతా వాతావరణం నెత్తిన రుద్దడం పాలకులకు సులువు. చేపల వేట మీద బతికిన ఉరు జనం పనులు వెతుక్కుంటూ వలసపోయారు.

ఇక మన దగ్గరికి వస్తే, లడఖ్‌లోని పాంగాంగ్ సరస్సును సినిమాలో చూసినవాళ్లు వెతుక్కుంటూ వెళ్తున్నారు. నా ఆసక్తి 2020లో చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాకెక్కిన త్సో కార్ మీద. పక్కనున్న మంచినీటి స్టార్త్సపుక్ త్సో నీరు ఈ ఉప్పు సరస్సులోకి చేరుతుంది. నల్లమెడ కొంగలు అక్కడ గూళ్లు కడతాయి. చాంగ్పా పశుపోషకులు ఒకప్పుడు అక్కడి ఉప్పు తీసి అమ్ముకునేవారు. దాని విస్తీర్ణం కొలవడానికి ఉపగ్రహ చిత్రాలు చాలు. అవి మన హైదరాబాదులోని జాతీయ దూరసంవేదన కేంద్రంలోనూ దొరుకుతాయి. అందులోకి చేరే నీటిలో వాన ఎంత, పాత మంచు ఎంత అన్నది తేల్చాలంటే మాత్రం ఆ వాగుల్లోనే కొలబద్దలు పాతి, ఏళ్ల తరబడి చూసుకునే మనుషులు కావాలి.