కాలి రక్తనాళాల స్కానింగ్: గదిలోకి పోయే ముందు అన్నీ చెప్పండి
(శుక్రవారం క్యాంపు మీటింగులో చెప్పిన మాటలు. డ్యూటీ ఉండి రాలేనివాళ్ల కోసం)



కొంచెం దూరం నడవగానే పిక్క పట్టేసి గుంజుతోందా? రెండు నిమిషాలు ఆగితే తగ్గి, మళ్లీ నడిస్తే మళ్లీ వస్తోందా? డ్యూటీ అలసటే అనుకుని నూనె రాసుకుని పడుకోకండి. కాలికి రక్తం తెచ్చే నాళం సన్నబడి ఉండొచ్చు. సిగరెట్, బీడీ తాగేవాళ్లకు, షుగర్ ఉన్నవాళ్లకు ఈ ముప్పు ఎక్కువ.

డాక్టరు ముందు చేతి దగ్గర, చీలమండ దగ్గర బీపీ చూసి పోలుస్తారు. తర్వాత డాప్లర్ స్కానింగ్. బ్లాకు ఎక్కడుందో, ఎంత పొడవుందో ఇంకా స్పష్టంగా తెలియాలంటే ఎమ్మార్ యాంజియోగ్రఫీ రాయొచ్చు. పేరు చూసి భయపడొద్దు. పెద్ద అయస్కాంతంతో, రేడియో తరంగాలతో రక్తనాళాల బొమ్మ తీస్తారు. కోత ఉండదు, ఎక్స్‌రే ఉండదు. చాలాసార్లు చేతి నరంలోకి గాడోలినియం అనే మందు ఎక్కిస్తారు. అరగంట నుంచి గంట దాకా కదలకుండా పడుకోవాలి. మిషను గట్టిగా మోగుతుంది, చెవులకు పెట్టుకోడానికి ఇస్తారు.

అసలు మాట ఇప్పుడు చెప్తున్నా. ఆ అయస్కాంతం ఎప్పుడూ ఆన్‌లోనే ఉంటుంది. మనలో గ్రైండింగ్, వెల్డింగ్ చేసినవాళ్లు ఎంతోమంది. ఎప్పుడో కంట్లో ఇనుప రవ్వ పడి ఉంటుంది, మర్చిపోయి ఉంటాం. లోపల మిగిలిన రవ్వ అక్కడ కదిలితే చూపే పోవచ్చు. ముందే చెబితే కంటికి ఎక్స్‌రే తీసి చూసుకుంటారు.

ఇవి కూడా తప్పకుండా చెప్పండి:
👉 గుండెకు పేస్‌మేకర్, స్టెంటు
👉 తలలో క్లిప్పు, ఎముకలో రాడ్డు, ప్లేటు
👉 కిడ్నీ జబ్బు, మందుల ఎలర్జీ
👉 ఇరుకు చోట ఊపిరాడదనే భయం

మొబైలు, ఉంగరం, వెండి మొలతాడు, రేకు తాయెత్తు బయటే తీసి పెట్టండి.

స్కానింగుకు ముందు ఒక ఫారం ఇస్తారు. భాష రాకపోతే అన్నింటికీ "నో" అని టిక్కు పెట్టి సంతకం చేయకండి. తెలుగో, హిందీయో వచ్చినవాళ్లను పిలవమని అడగండి. ఉద్యోగం పోతుందేమోనన్న భయం నాకూ తెలుసు. కానీ ఆ ప్రశ్నలు మన ప్రాణం కాపాడటానికే.

చివరిగా ఒకటి. కాలు ఉన్నట్టుండి చల్లబడి, పాలిపోయి, మొద్దుబారి, భరించలేని నొప్పి వస్తే స్కానింగ్ డేటు కోసం చూడొద్దు. గంటల్లోనే కాలు పోవచ్చు. వెంటనే అంబులెన్సు పిలవండి: సౌదీలో 997, యూఏఈలో 998, ఖతార్‌లో 999, కువైట్‌లో 112.

రూమ్మేట్లకు కూడా చదివి వినిపించండి. ఉంటాను.