దాణా లవణములలో నీటి పాలు

ఉన్నత పాఠశాలలో రసాయన శాస్త్రము చదివినవారు ఈ ప్రయోగమును చూచియే యుందురు. మైలుతుత్తపు పలుకులను గాజు గొట్టములో వేసి కాచినచో నీలిరంగు తొలగి తెల్లని పొడి మిగులును. గొట్టపు అంచున నీటి బొట్లు నిలుచును. ఆ పొడిపై రెండు చుక్కల నీరు చిలికినంతనే పోయిన రంగు మరల వచ్చును. ఇంటిలో పటికను పెనముపై వేసినపుడు అది కరగి, పొంగి, తేలికయగుటయు ఇట్టిదే.

ఆ నీరు వర్తకుడు కలిపినది కాదు. లవణము పలుకు గట్టునపుడే దానిని తనలో ఇముడ్చుకొనును. దీనికి స్ఫటిక జలమని పేరు. ఆ జలము గలది ఆర్ద్ర లవణము. లేనిది అనార్ద్ర లవణము. నూరు గ్రాముల మైలుతుత్తములో 36 గ్రాములు నీరే. రాగి ఇరువదియైదున్నర గ్రాములు మాత్రమే. తెల్లని అనార్ద్ర రూపములోనో, రాగి దాదాపు 40 గ్రాములుండును.

అనంతగిరి, అరకులకు పోవు కొండదారి మొదట నున్న శృంగవరపుకోట వంటి ఊళ్లలో పాడిపశువులకు, గొఱ్ఱెలకు, కోళ్లకు ఖనిజ లవణములు కొనువారు ఈ విషయము నెరుగుట మేలు. సంచిపై ‘సల్ఫేట్’ అను మాట ఒక్కటియే చూచి కొనరాదు. దాని వెనుకనున్న మాటను చదువవలెను. మోనోహైడ్రేట్ అనిన ఒక పాలు నీరు, డైహైడ్రేట్ అనిన రెండు పాళ్లు, పెంటాహైడ్రేట్ అనిన అయిదు, హెప్టాహైడ్రేట్ అనిన ఏడు.

జింకు సల్ఫేటునే తీసికొందము. ఏడు పాళ్ల నీరు గల రకములో కిలోకు 227 గ్రాముల జింకు, ఒక పాలు గల రకములో 364 గ్రాముల జింకు ఉండును. లెక్క కొరకు మొదటిది కిలో 60 రూపాయలు, రెండవది 90 రూపాయలు అనుకొందము. చూపునకు మొదటిదే చవుక. కాని నూరు గ్రాముల జింకునకు అందులో ఇరువదియాఱు రూపాయలకు పైగా, రెండవదానిలో ఇరువదియైదు రూపాయలకు లోపుగా పడును. పశువునకు కావలసినది జింకు. నీరు తొట్టిలో ఊరకనే దొరకును.

అట్లని అనార్ద్రమే ఎల్లపుడు గొప్పదనుట తొందరపాటు. డైకాల్షియం ఫాస్ఫేటును చూడుడు. అనార్ద్ర రూపములో భాస్వరము నూటికి 22.8 పాళ్లు, రెండు పాళ్ల నీరు గలదానిలో 18 పాళ్లు. అంకెలను బట్టి చూచువాడు మొదటిదే కొనును. కాని కోడిపిల్లల యెముకలను పరీక్షించి చూచిన శాస్త్రజ్ఞులు, నీరు గల రూపములోని భాస్వరమే వాటికి ఎక్కువగా ఒంటబట్టుచున్నదని తేల్చిరి. సంచిలో నున్నదంతయు పక్షికి అందునని యెంచరాదు.

ఇక ప్రాణముతో ముడిపడిన మాట. గొఱ్ఱె రాగికి తాళలేని జంతువు. కోళ్లు తట్టుకొను మోతాదును అది తట్టుకొనలేదు. అదనపు రాగి కాలేజములో నెమ్మదిగా పేరుకొని, ఒకనాడు హఠాత్తుగా ప్రాణము తీయును. నీలి మైలుతుత్తమునకు వ్రాసియిచ్చిన తూకముననే తెల్లని అనార్ద్ర రకమును కలిపినచో రాగి ఒకటిన్నర రెట్లు దాటును. ఈ పొరపాటు రంగు చూచియైనను పట్టుకొనవచ్చును గాని, దాణాలో కలసిన పిమ్మట రంగు కానరాదు. కనుక రకము మార్చినపుడు మోతాదును మార్చి వ్రాయించుకొనవలెను. పశువైద్యుని అడుగక గొఱ్ఱెల దాణాలో రాగిని కలుపనే రాదు.

నిలువ సంగతి వేరు. మన వైపు ఆషాఢము మొదలు కార్తికము వరకు గాలిలో తేమ వదలదు. అనార్ద్ర లవణము మూత తెరచినచో ఆ తేమను పీల్చి గడ్డకట్టును. గడ్డకట్టినది దాణాలో సమముగా కలియదు. ఒక పశువునకు ముద్ద, మరియొకదానికి శూన్యము. అన్నభేదిది మరియొక తీరు. ఏడు పాళ్ల నీరు గల పచ్చని పలుకులు తేమగాలిలో తుప్పురంగు తేలును. అట్లు మారిన ఇనుము పశువునకు అంతగా ఉపకరింపదు. పైగా ఆ నీరు పక్కనున్న విటమినులను చెరచును. అందుచేత విటమినులతో కూడిన మిశ్రమములలో ఒక పాలు నీరు గల ఇనుప లవణమును వాడుట మంచిది. మైలుతుత్తము మాత్రము నీలి పలుకులుగనే కుదురుగా నిలుచును. దానిని కాచి తెల్లచేసి దాచుకొనుట వృథాశ్రమ.

మా అభిప్రాయమున చిన్న కమతగాడు జింకును, ఇనుమును ఒక పాలు నీటి రకముగను, రాగిని నీలి పలుకులుగను, కోడిపిల్లలకు డైకాల్షియం ఫాస్ఫేటును రెండు పాళ్ల నీటి రకముగను కొనుట మేలు. ఒకేసారి పెద్ద సంచి కొనుట కంటె, వానకాలములో నెలకు సరిపడు చిన్న పొట్లములు కొని, గట్టి మూత గల డబ్బాలో నేలకు ఎత్తుగా నుంచుట లాభము.

వంటింటిలోను ఇదే ప్రశ్న కలదు. నిమ్మ ఉప్పు రెండు రూపములలో దొరకును. ఒకదానిలో నూటికి ఎనిమిదిన్నర పాళ్లు నీరు. షర్బతు పాకములో కరగించుటకు ఏదైనను ఒకటే: అనార్ద్రము 100 గ్రాములు వేయుచోట రెండవది 109 గ్రాములు వేసినచో పులుపు సరిపోవును. పంచదారతో కలిపి పొడిగా నిలువయుంచు పానీయపు పొడులకు మాత్రము అనార్ద్రమునే కొని, ఆరిన చెంచాతో తీసి, వెంటనే మూత బిగింపవలెను.