జరగని దానికీ ఒక క్రియారూపం

స్పానిష్ నేర్చుకొంటున్న తొలి సంవత్సరంలో నేనొక వాక్యం వ్రాశాను. "తమ్ముడు మాతో కలిసి నివసించవలెనని మా అమ్మ కోరేది" అని నా ఉద్దేశం. నివసించడానికి 'బిబీర్' అనే క్రియ ఉన్నది. దాని భూతకాలరూపం 'బిబీయ' వేశాను. పాఠం చెప్పే పెద్దాయన కాగితం చూచి, "అయితే మీ తమ్ముడు మీతోనే ఉండేవాడన్నమాట!" అన్నారు. లేదండీ, దూరదేశంలోనే ఉండిపోయినాడు అన్నాను. "మరి మీ మాట ఉండేవాడని చెబుతున్నదే!" అంటూ 'బిబీయ' కొట్టివేసి 'బిబ్యేర' అని దిద్దినారు.

శ్రోతలారా, ఆ దిద్దుబాటే నేటి ప్రసంగ విషయం. జరిగినదానిని జరిగినట్లు చెప్పడానికి స్పానిష్‌లో ఒక తీరు. గతంలో ఎవరో కోరినదానిని, శంకించినదానిని చెప్పడానికి వేరొక తీరు. రెండవదానిని మనం భూతకాల సంభావనార్థకమని పిలుచుకొందాం. అమ్మ కోరిన మాట నిజం. కనుక 'కోరేది' అన్నచోట నిశ్చయార్థకమైన 'కెరీయ' వస్తుంది. కోరిన పని నెరవేరిందో లేదో మాత్రం 'బిబ్యేర' చెప్పదు. "మి మాద్రె కెరీయ కె మి ఎర్మానొ బిబ్యేర కొన్ నొసోత్రొస్" అన్నంతమాత్రాన తమ్ముడు ఇల్లు చేరినట్లు కాదు.

పేరు భయపెట్టినా రూపం కట్టుకోవడం సులభమే. మాట్లాడడం అబ్లార్, తినడం కొమేర్, నివసించడం బిబీర్. నియమం తప్పని క్రియలలో ఈ మూడే తరగతులు. 'వారు మాట్లాడిరి' అనడానికి అబ్లారొన్, 'తినిరి' అనడానికి కొమ్యేరొన్, 'నివసించిరి' అనడానికి బిబ్యేరొన్. చివరనున్న 'రొన్' తీసివేసి 'ర' చేర్చండి: అబ్లార, కొమ్యేర, బిబ్యేర. ఇవి నేను, అతడు, ఆమె అన్నవాటికి సరిపోతాయి. నీవైతే రస్, మేమైతే రమొస్, వారైతే రన్. స్పెయిన్‌లో చనువైన 'మీరు'కు రైస్. అంతే.

'ర'కు బదులు 'సె' కూడా కద్దు: అబ్లాసె, కొమ్యేసె, బిబ్యేసె. ఈ ప్రయోగంలో అర్థభేదం లేదు. పుట్టుక మాత్రం వేరు. 'సె' లాటిన్ సంభావనార్థకానికి సాక్షాత్తు వారసుడు. 'ర' లాటిన్‌లో 'అప్పటికే మాట్లాడి ఉండెను' వంటి నిశ్చయార్థకం. తరువాత ఇల్లరికం వచ్చి ఈ ఇంట చేరింది. ఇల్లరికపుటల్లుడే ఇప్పుడు పెత్తనం చేస్తున్నాడు! అమెరికా ఖండపు స్పానిష్ సంభాషణలో 'సె' అరుదు.

ఇక 'అయితే' అనే వాక్యాలు. "సి బిబ్యేర అకీ, అబ్లరీయ తెలుగు": అతడు ఇక్కడ నివసిస్తూ ఉంటే తెలుగు మాట్లాడేవాడు. మాట నేటిది, రూపం నిన్నటిది. ఇందులో వింత లేదు; మన 'మాట్లాడేవాడు' కూడా భూతకాలరూపమే కదా! కానిదానిని చెప్పవలసి వచ్చినప్పుడు రెండు భాషలూ గతాన్నే ఆశ్రయించినవి. సంస్కృతంలో లృఙ్ చదివినవారు ఇక్కడ చిరునవ్వు నవ్వుతారు. 'సి' తరువాత 'బిబిరీయ' అనే పొరపాటు ఉత్తర స్పెయిన్‌లో కొన్నిచోట్ల ఆ భాష మాతృభాషగా గలవారి నోటనే వినవస్తుంది. కనుక మన తప్పులకు మరీ సిగ్గుపడనక్కరలేదు.

చెవి పెట్టవలసిన చోటు ఒకటున్నది. 'అబ్లార' అన్నప్పుడు ఒత్తు నడిమి అక్షరం మీద. అదే ఒత్తు చివరకు జరిపి 'అబ్లరా' అంటే 'మాట్లాడుతాడు, తథ్యం' అని భవిష్యత్తు. వ్రాతలో చివరి అచ్చుపై చిన్న గీటే తేడా. హ్రస్వదీర్ఘాలకు అలవాటుపడిన మన చెవికి ఇది తేలికగానే పట్టుబడుతుంది. నాలుకకే కొంత సాధన కావాలి. 'ఒహలా' అని మొదలుపెట్టి 'అబ్లార' అంటే 'మాట్లాడితే ఎంత బాగుండును' అని అర్థం. తొందరలో ఒత్తు జార్చి, ఆశ చెప్పబోయి మాట ఇచ్చివచ్చిన సందర్భాలు నాకు లేకపోలేదు.