రాయి బలం, నివేదికలో అంకె

కుప్పం, రామకుప్పం పరిసరాల క్వారీల్లో కోసిన బండ ఇంటి గచ్చుగానో, వంటగట్టు పలకగానో, పరదేశంలో సమాధి ఫలకంగానో కుదురుకొనేలోపు ఎన్నో చేతులు మారుతుంది. మారిన ప్రతి చోటా అది గట్టి రాయి అన్న మాటే వినిపిస్తుంది. ఆ గట్టితనాన్ని కొలతగా మార్చి, అమ్మేవారూ కొనేవారూ ఒకరినొకరు చూడకపోయినా ఆ కొలతకు ఒకే అర్థం తీసుకొనేటట్లు రాసుకొన్న ఒడంబడికనే సాంకేతిక ప్రమాణం అంటారు. ప్రమాణమంటే నాణ్యతకు వేసే ముద్ర అని లోకంలో ఒక అభిప్రాయం ఉంది. ముద్ర తరువాతి సంగతి. ఎలా కొలవాలో చెప్పని ప్రమాణం, ముద్ర ఎంత పెద్దదైనా, పనికిరాదు.

మన దేశంలో ఈ పని కోసం 1947 జనవరిలో భారతీయ ప్రమాణాల సంస్థ ఏర్పడింది. 1987 ఏప్రిల్ నుంచి అదే భారతీయ ప్రమాణాల బ్యూరోగా కొనసాగుతోంది. అది వెలువరించే ప్రతి ప్రమాణానికీ ఐ.ఎస్. అన్న అక్షరాలతో ఒక సంఖ్య ఉంటుంది. ఒకటో సంఖ్య దక్కింది యంత్రానికో లోహానికో కాదు, జాతీయ పతాకానికి. సిమెంటు బస్తా మీదా ఇనుప కడ్డీ మీదా ఐ.ఎస్.ఐ. గుర్తు వెతికే అలవాటు పల్లెల్లోనూ వచ్చింది గాని, బండను మాత్రం నేటికీ కంటితో చూసి, సుత్తితో తట్టి, మోగిన తీరును బట్టి కొనేవారే ఎక్కువ. అనుభవజ్ఞుడైన పనివాడి చెవిని తక్కువ చేయవలసిన పని లేదు. అయితే ఆ చెవి విన్నదాన్ని ఓడలో పంపడం కుదరదు.

చిక్కు పేరులోనే మొదలవుతుంది. కుప్పం ప్రాంతంలో నల్ల గ్రానైటు అని అమ్ముడుపోయే రాయి భూవిజ్ఞానం లెక్కలో గ్రానైటు కాదు, డోలరైటు. అంటే పాత శిలల పగుళ్ళలోకి కరిగిన రాతిద్రవం ఎక్కివచ్చి, గోడల్లాగా గడ్డకట్టిన శిల. గ్రానైటు ఘనమీటరు సుమారు 2,650 కిలోలు తూగితే డోలరైటు 3,000 కిలోల దాకా తూగుతుంది. వ్యాపారం రెంటినీ ఒకే పేరుతో పిలుస్తుంది కాబట్టి, పేరును నమ్మకుండా గుణాలను కొలవడం తప్పనిసరి అయింది.

ఆ గుణాల్లో నీటి పీల్పు మొదటిది. ఐ.ఎస్. 1124 ప్రకారం సుమారు కిలో రాతిముక్కలను 24 గంటలు నీటిలో ఉంచి, పైతడి తుడిచి తూచి, ఆ తరువాత పొయ్యిలో ఆరబెట్టి మళ్ళీ తూస్తారు. పొడి బరువు 1,000 గ్రాములై తడి బరువు 1,003 గ్రాములైతే పీల్పు 0.3 శాతం. అమెరికా సంస్థ ఏ.ఎస్.టి.ఎం. పద్ధతిలో కొలిచేది పగలగొట్టిన ముక్కలను కాదు, కోసిన దిమ్మెలను. నానబెట్టేది 48 గంటలు. ఐరోపా పద్ధతిలో గంటల లెక్కకన్నా, బరువు ఇక పెరగదని తేలేదాకా నానబెట్టడం ముఖ్యం. రాయి ఒకటే అయినా మూడు పద్ధతుల్లో మూడు అంకెలు రావచ్చు, మూడూ నిజమే కావచ్చు. పద్ధతి పేరు చెప్పకుండా 0.3 అని మాత్రమే రాసిన కాగితం అబద్ధం కాకపోయినా సమాచారం కూడా కాదు.

ఇక బలం మాట. గ్రానైటు పలకలకు ఏ.ఎస్.టి.ఎం. పెట్టిన కనీస అణచివేత బలం 131 మెగాపాస్కల్స్. అంటే చదరపు సెంటీమీటరుకు సుమారు 1,300 కిలోల బరువు మోసి నిలవాలి. అయిదు సెంటీమీటర్ల ఘనాకారపు దిమ్మె అయితే దాదాపు 33 టన్నులు మోసిన తరువాతే నలగాలి. అమ్మకపు కాగితాల్లో ఘనంగా కనిపించే అంకె ఇదే. కాని వంటగట్టు పలక ఎవరింట్లోనూ నలిగి చెడదు, వంగి విరుగుతుంది. పొలం చుట్టూ పాతిన రాతి కూసం పైబరువుకు కూలదు, ట్రాక్టరు పక్కనుంచి తగిలితే రెండు ముక్కలవుతుంది. వంగినప్పుడు విరగకుండా నిలిచే బలానికి అదే ప్రమాణం కోరే కనీసం 10.34 మెగాపాస్కల్స్, అనగా అణచివేత బలంలో పన్నెండో వంతుకన్నా తక్కువ. ఇంటి యజమానికి అక్కరకొచ్చే అంకె ఈ చిన్నదే.

రాయికి సులువుగా చీలే దిశ ఒకటి ఉంటుందని ఉలి పట్టినవారందరికీ తెలుసు. భారతీయ పరీక్షా పద్ధతి ఐ.ఎస్. 1121 ఆ ఎరుకను గౌరవించి, చీలే దిశకు సమాంతరంగా ఒకసారి, అడ్డంగా ఒకసారి, పొడిగా ఒకసారి, నానిన స్థితిలో ఒకసారి నలగ్గొట్టమంటుంది. ఒక్క దిశలో, ఒక్క పొడి స్థితిలో పరీక్షించి వచ్చిన మంచి అంకెను మాత్రం చూపేవారు మోసగాళ్ళు కానక్కరలేదు; సగం చెప్పినవారు మాత్రం అవుతారు.

కాబట్టి రామకుప్పంలో బండలు అమ్మేవారైనా, కొనేవారైనా పరీక్షా నివేదిక చేతికి రాగానే అంకెకన్నా ముందు ప్రమాణం సంఖ్యనూ, దాని సంవత్సరాన్నీ, ఎన్ని నమూనాలు తీశారన్నదాన్నీ చూడాలి. అవి లేని కాగితాన్ని తిరిగి పంపించాలి.