వరద తీసిన పిదప మంచములు, కుర్చీలు

పంచాయతీ సభ్యులారా!

బుడమేరు, తమ్మిలేరు పొంగినచో ఆ నీరు కొల్లేటిని చేరి, ఉప్పుటేరు మీదుగా మెల్లగా సముద్రమునకు పోవును. 2024 సెప్టెంబరు వరదలో లంక గ్రామములు ముంపునకు గురియగుట మీరెరుగుదురు. అట్టి వేళ పేదవాని యింట మిగులు సామాను నులక మంచము, తుంగచాప, పేము కుర్చీ. తడిసినవని వీనిని పారవేయనక్కరలేదు.

నార, పేము ఒకమారు తడిసినంతనే చెడవు. తడి నిలిచినచో బూజు పట్టి కుళ్ళును. కావున బురద ఎండకముందే మంచినీట కడిగి, గాలియాడు నీడలో ఆరబెట్టవలెను. మండుటెండలో పేము పగులును. జారిన పేము అల్లికను అడుగువైపున తడిపి, ఒక రాత్రి ఆరనిచ్చిన మరల బిగియును. మంచపు కీళ్ళలో మరుగునీరు పోసిన నల్లులు నశించును. తేమ నేలపై కోళ్ళక్రింద రాతిపలకలు ఉంచవలెను.

ఏలూరు, తాడేపల్లిగూడెం బజారులలో ప్లాస్టిక్ కుర్చీలు దొరకును. కాని అవి విరిగిన పారవేయవలసినదే. తెగిన నులకను ఊరివారే అల్లగలరు. ఆ నేర్పుగల వృద్ధుల చేత యువకులకు ఈ పని నేర్పింపుడని కోరుచున్నాము. ముందుగా పంచాయతీ కార్యాలయపు కుర్చీలతోనే ప్రారంభింపుడు. అవి గ్రామమంతటి సొత్తు.